పోలీస్ ట్రైనింగ్‌లో ఉన్నారా? మీ పెన్షన్ కోత లెక్క మీరే చూసుకోండి

ట్రైనింగ్ సెంటర్లో మొదటి జీతం పడిన రోజు బారక్‌లో ఒకటే సందడి. ఫోన్లో మెసేజ్ చూసుకున్నవాడు పక్క మంచం వాణ్ణి అడిగే మొదటి మాట, "నీకెంత పడిందిరా?" రెండో మాట, "ఈ మూడు వేలు ఎక్కడికి పోయినయ్?" అక్కడికి ఎవరో ఒక సీనియర్ వచ్చి "అది పెన్షన్‌లేరా, అరవై ఏళ్లకు వస్తది" అంటాడు. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోతుంది. మళ్లీ పదేళ్ల దాకా ఎవరికీ గుర్తురాదు.

నాకూ గుర్తురాలేదు. పాసింగ్ అవుట్ పరేడ్ (పీఓపీ) అయ్యాక నా మొదటి యూనిట్‌లో మూడు నెలలే ఉన్నాను. ఆ మూడు నెలలూ జీతంలో కోత పడింది, స్లిప్‌లో స్పష్టంగా ఉంది. కానీ ఆ డబ్బు నా పెన్షన్ ఖాతాకి చేరలేదు. ఆ సంగతి నాకు తెలిసింది రెండేళ్ల తర్వాత, అదీ ఇంకో పని మీద స్టేట్‌మెంట్ తీస్తే. దాన్ని సరిచేయించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగానో చెప్పను, చెబితే మీరు చదవడం మానేస్తారు. ఆఫీసు భాషలో వీటిని మిస్సింగ్ క్రెడిట్స్ అంటారు. ట్రైనింగ్ నుంచి మొదటి పోస్టింగ్ దాకా ఉన్న ఆ ఏడాదిలోనే ఇవి ఎక్కువగా పుడతాయి. అందుకే ఇప్పుడే, మీరింకా స్క్వాడ్‌లో ఉండగానే, కింద చెప్పినవి చేసి పెట్టుకోండి.

ముందు మీరు ఎవరి కింద ఉన్నారో తేల్చుకోండి

"నేను పోలీస్" అంటే చాలదు. కోత శాతం మీకు జీతం ఇచ్చే ప్రభుత్వాన్ని బట్టి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో కానిస్టేబుల్‌గా, ఎస్సైగా ఎంపికైతే మీకు వర్తించేది సీపీఎస్, అంటే మీరు కొంత, ప్రభుత్వం కొంత వేసి కూడబెట్టే కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్. 2004 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ ఉద్యోగంలో చేరినవాళ్లందరికీ ఉమ్మడి రాష్ట్రం ఈ పద్ధతి పెట్టింది, విడిపోయాక రెండు రాష్ట్రాలకూ అదే వచ్చింది. మీ బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తంలో 10 శాతం మీ జీతం నుంచి కోస్తారు, ప్రభుత్వం అంతే మొత్తం, అంటే ఇంకో 10 శాతం కలుపుతుంది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో చేరినా, ఢిల్లీ పోలీస్‌లో చేరినా మీది కేంద్ర ఎన్‌పీఎస్, అంటే జాతీయ పెన్షన్ పథకం. ఇది 2004 జనవరి 1 నుంచి ఉంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వాళ్లకు మినహాయింపు ఇచ్చారు గానీ కేంద్ర పోలీసు బలగాలకు ఇవ్వలేదు. దీని మీద కోర్టుల్లో ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి, బారక్‌లో కూడా నడుస్తాయి. తుది తీర్పు వచ్చేదాకా మాత్రం కోత ఆగదు. ఇక్కడ మీ వాటా 10 శాతమే, ప్రభుత్వ వాటా 14 శాతం. 2019 ఏప్రిల్ 1కి ముందు అది కూడా 10 శాతమే.

శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో ఉన్న ఐపీఎస్ ప్రొబేషనర్లు కూడా ఎన్‌పీఎస్ కిందికే వస్తారు. వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి, ముందుకు పోదాం.

మీకు వచ్చేది స్టైపెండా, జీతమా?

ట్రైనీలకు అసలు తికమక అంతా ఇక్కడే. మన రాష్ట్రాల్లో ట్రైనింగ్‌లో ఉన్న కానిస్టేబుల్‌ని స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీ అంటారు, ఆర్డర్‌లో ఎస్‌సీటీ అని ఉంటుంది. పేరులోనే ఉంది చూడండి, ఆ నెలల్లో ఇచ్చేది స్టైపెండ్. అది ఏకమొత్తం. అందులో బేసిక్ ఇంత, డీఏ ఇంత అని విడిగా ఉండదు. పెన్షన్ కోత బేసిక్ ప్లస్ డీఏ మీద లెక్కకట్టేది కాబట్టి, ఆ రెండూ లేని బిల్లులో కోతకు ఆధారమే ఉండదు. ట్రైనింగ్ పూర్తయి కానిస్టేబుల్ స్కేల్లోకి వచ్చాక అసలు లెక్క మొదలవుతుంది. తెలంగాణలో 2020 పీఆర్సీ ప్రకారం ఆ స్కేలు 24,280తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ ప్రకారం 25,220తో.

కేంద్ర బలగాల్లో సంగతి వేరు. అక్కడ రిక్రూట్‌గా చేరిన నాటి నుంచే మీరు పే లెవెల్ 3లో ఉంటారు, బేసిక్ 21,700. ట్రైనింగే కదా, ప్రొబేషనే కదా అని కోత ఆపరు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు కూడా తప్పనిసరిగా కట్టాల్సిందేనని కేంద్రం స్పష్టంగా చెప్పింది.

కాబట్టి నియామక ఉత్తర్వు తీసి ఒకసారి నిదానంగా చదవండి. స్టైపెండ్ అని రాసి ఉందా, పే స్కేలు రాసి ఉందా? స్కేలు ఉంటే అది ఏ తేదీ నుంచి? ఆ తేదీ కింద గీత గీసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. రేపు కోత ఎప్పటి నుంచి మొదలవ్వాలన్న పేచీ వస్తే, అప్పుడు ఆ ఒక్క లైనే మీకు దిక్కు.

ఇప్పుడు పెన్ను తీసుకోండి

చాలామంది చేసే తప్పు, గ్రాస్ మీద పది శాతం లెక్కేసి "నాకు తక్కువ కోశారు" అనుకోవడం. ఇంటి అద్దె భత్యం, రేషన్ మనీ, యూనిఫాం అలవెన్స్, రిస్క్ పేరుతో వచ్చేవి, ఇవేవీ ఈ లెక్కలోకి రావు. స్లిప్‌లో రెండే రెండు గడులు చూడండి, బేసిక్, డీఏ.

సీఆర్‌పీఎఫ్‌లో కొత్తగా చేరిన కుర్రాడి లెక్క చూద్దాం. 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం డీఏ తీసుకుందాం, మీరు మాత్రం మీ నెల డీఏ వేసుకోండి.

బేసిక్ 21,700
డీఏ 58 శాతం, 12,586
రెండూ కలిపి 34,286
మీ వాటా 10 శాతం, 3,428 రూపాయల 60 పైసలు, రూపాయికి సవరిస్తే 3,429
ప్రభుత్వ వాటా 14 శాతం, దాదాపు 4,800

అంటే నెలకు మీ పేరున జమ కావలసింది సుమారు 8,229. జీతం స్లిప్‌లో మీకు బాధ కలిగించే 3,429 కంటే, మీకు కనిపించకుండా పక్కనుంచి రావలసిన ఆ 4,800 మీదే ఎక్కువ కన్నుంచాలి. నాలా మూడు నెలలు జమ పడకపోతే ఈ లెక్కన పోయేది 24,687. మీ చేతి నుంచి కోసింది అందులో సగం కూడా కాదు.

రాష్ట్ర కానిస్టేబుల్ అయితే ఇదే పద్ధతి. బేసిక్ 24,280, లెక్క సులువు కోసం డీఏ 30 శాతం అనుకుందాం. డీఏ 7,284 అవుతుంది, రెండూ కలిపితే 31,564. పదిశాతం 3,156 చిల్లర. ప్రభుత్వం నుంచి కూడా అంతే రావాలి. మీ స్లిప్‌లో అంకె దీనికి రెండు మూడు రూపాయలు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకండి. వందల్లో తేడా ఉంటే అడగండి.

రెండు సందర్భాల్లో అంకె మారుతుంది, కంగారు పడొద్దు. ఒకటి, డీఏ పెరిగినప్పుడు. డీఏని ఎప్పుడూ వెనకటి తేదీ నుంచే ప్రకటిస్తారు కదా, ఆ బకాయిల మీద కూడా కోత ఉంటుంది. మన రాష్ట్రాల జీవోల్లో సీపీఎస్ వాళ్లకి డీఏ బకాయిల్లో 10 శాతం పెన్షన్ ఖాతాకి, 90 శాతం చేతికి అని రాస్తూ వస్తున్నారు. రెండు, జీతం లేని సెలవు పెట్టినప్పుడు. జీతం లేని రోజులకు మీ కోత ఉండదు. గ్రౌండ్‌లో కాలు విరిగి ఇంటికి పోయినవాళ్లు ఆ సెలవు ఏ ఖాతాలో రాశారో తప్పకుండా కనుక్కోవాలి. మెడికల్ లీవ్ కింద జీతం వచ్చే సెలవైతే కోత, జమ రెండూ సాగుతాయి.

ప్రాన్ తీసుకోవడం, పేరు తగాదా

ప్రాన్ అంటే సీపీఎస్‌కైనా ఎన్‌పీఎస్‌కైనా మీ పెన్షన్ ఖాతాకి ఇచ్చే 12 అంకెల శాశ్వత నంబర్. ఈ ఉద్యోగం మారినా, రాష్ట్రం మారినా అదే నంబర్. దీనికోసం సీఎస్‌ఆర్‌ఎఫ్ అనే ఫారం ఇస్తారు. ఆన్‌లైన్‌లో చేయించే చోట్ల ఆధార్ ఓటీపీతో అయిపోతుంది. ఫారం కన్నా పేరే పెద్ద తలనొప్పి.

మన దగ్గర టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. మూడు కార్డులు పక్కపక్కన పెడితే ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. బ్యాంకు పాస్‌బుక్‌లో నాలుగో మనిషి. ఫారం నింపే ముందు ఈ నాలుగూ మంచం మీద పరిచి చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్, పాన్ సరిచేయించుకుని తర్వాత ప్రాన్‌కి వెళ్లండి. ప్రాన్ వచ్చాక పేరు మార్చడం కూడా కుదురుతుంది గానీ, ట్రైనింగ్‌లో ఔట్‌పాస్ దొరకని రోజుల్లో ఎన్ని ఆఫీసులు తిరుగుతారు?

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. మీకు ఇంతకు ముందే ప్రాన్ ఉందా? బ్యాంకులో ఎప్పుడో ఎన్‌పీఎస్ తెరిచి ఉండొచ్చు, వేరే ప్రభుత్వ ఉద్యోగం చేసి వచ్చి ఉండొచ్చు. ఉంటే రెండోది తీసుకోకండి. ఒక మనిషికి ఎన్‌పీఎస్‌లో ఒకటే ప్రాన్. పాత నంబర్‌నే ఇంటర్ సెక్టార్ షిఫ్టింగ్ ఫారంతో కొత్త ఆఫీసు కిందికి మార్పించుకోవాలి. బిల్లులు చేసే బాబుకి ఈ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. చెప్పకపోతే బ్యాచ్ మొత్తానికి ఒకేసారి కొత్తవి పెట్టేస్తారు, మీది ఎర్రర్‌లో ఆగిపోతుంది.

నామినీ గడిని ఖాళీగా వదలొద్దు. పెళ్లి కాకముందు అమ్మ పేరో నాన్న పేరో రాస్తారు, మంచిదే. కానీ పెళ్లి అయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు, కొత్తది ఇవ్వాలి. ట్రైనింగ్ అయిన ఏడాదికల్లా పెళ్లిళ్లు అయ్యే బ్యాచ్‌లు మనవి. శుభలేఖ ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లినప్పుడే ఫారం కూడా అడగండి.

కేంద్రంలో చేరినవాళ్లకి ఇంకో ఆప్షన్ ఫారం కూడా ఇస్తారు. ఉద్యోగంలో ఉండగా ప్రాణం పోతే గానీ, అవిటితనం వచ్చి సర్వీసు నుంచి పంపేస్తే గానీ, పాత పెన్షన్ నిబంధనల ప్రకారం ఇవ్వాలా, ఎన్‌పీఎస్‌లో కూడిన సొమ్ము ప్రకారం ఇవ్వాలా అని అందులో అడుగుతారు. ఇరవై ఏళ్ల వయసులో ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టడం ఎవరికీ ఇష్టముండదు, చదవకుండానే పెట్టేస్తారు. చదివి పెట్టండి. కొద్ది సర్వీసులో కూడే సొమ్ము ఎంతో పైన లెక్క చూశారు కదా, ఇంటివాళ్లకి నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్‌తో దాన్ని పోల్చి చూసుకోండి.

కేంద్ర ఉద్యోగమైతే 30 రోజుల్లో ఒక నిర్ణయం

2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) తెచ్చింది. కొత్తగా చేరినవాళ్లు చేరిన 30 రోజుల్లోగా యూపీఎస్ కావాలో ఎన్‌పీఎస్ కావాలో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఎన్‌పీఎస్‌లోనే ఉంటారు. ట్రైనింగ్ మొదటి నెలంటే తెల్లారి లేవడానికే ప్రాణం పోతూ ఉంటుంది, సరిగ్గా ఆ నెలలోనే ఈ గడువు పెట్టారు.

కోత రెండింట్లోనూ 10 శాతమే, చేతికొచ్చే జీతంలో తేడా లేదు. తేడా అంతా ప్రభుత్వం వైపే. యూపీఎస్‌లో ప్రభుత్వం మీ ఖాతాకి 10 శాతం వేస్తుంది, ఇంకో 8.5 శాతం ఉమ్మడి నిధికి వేస్తుంది. మొత్తం 18.5 శాతం అయినా, మీ పేరున కనిపించేది 14 నుంచి 10కి తగ్గుతుంది. దానికి బదులు 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, దాని మీద కరువు భత్యం లాంటి పెంపు, హామీగా ఇస్తారు. పదేళ్లు నిండితే కనీసం నెలకు 10,000. పదేళ్లలోపు మానేస్తే ఆ హామీ లేదు.

నా అభిప్రాయం అడిగితే, మీ ఆలోచన ఏంటో ముందు మీరే తేల్చుకోవాలి. అరవై దాకా ఇదే యూనిఫాం అనుకునేవాళ్లకి యూపీఎస్ నెమ్మది. కానీ బలగాల్లో చాలామంది ఇరవై ఏళ్లు దాటాక వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని ఊరికి వచ్చేయాలనుకుంటారు. వాళ్లు ఒకటి గమనించాలి. యూపీఎస్‌లో వీఆర్‌ఎస్ తీసుకుంటే నెలవారీ మొత్తం మరుసటి నెల నుంచి రాదు, మామూలుగా రిటైరయ్యే వయసు వచ్చేదాకా ఆగాలి. "పెన్షన్ వస్తది, ఊళ్లో పొలం చూసుకుంటా" అని ప్లాన్ వేసుకునే ముందు ఈ ముక్క ఇంట్లో కూడా చెప్పండి.

కోశారు సరే, పడిందా?

ప్రాన్ రాగానే పాస్‌వర్డ్ పెట్టుకుని లాగిన్ అవ్వండి. మీ రికార్డు ప్రోటియన్ (ఈ ఖాతాల రికార్డులు చూసే సంస్థ) దగ్గర ఉంటే వాళ్ల యాప్ కూడా ఉంది. అందులో స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రాన్సాక్షన్ తీయండి. నెలకో లైను ఉంటుంది, ఒక గడిలో మీ వాటా, పక్క గడిలో ప్రభుత్వ వాటా. జీతం పడిన రోజే అక్కడ కనిపించదు. ఆఫీసు నుంచి ట్రెజరీకో పే అండ్ అకౌంట్స్‌కో వెళ్లి, జాబితా అప్‌లోడ్ అయి, డబ్బు ట్రస్టీ బ్యాంకుకి చేరాక పెన్షన్ ఫండ్ యూనిట్లుగా మారి కనిపిస్తుంది. ఆ నెల జీతం కోత వచ్చే నెలలో చూసుకోండి.

నేను చేసేది చెబుతాను. నోట్‌బుక్‌లో ఒక పేజీకి నిలువుగా నాలుగు గీతలు. నెల, స్లిప్‌లో కోత, ఖాతాలో నా వాటా, ఖాతాలో ప్రభుత్వ వాటా. మూడు నెలలకోసారి పది నిమిషాలు. ఖాళీ గడి కనిపిస్తే ఎర్ర పెన్నుతో చుట్టేస్తాను. ఆ పేజీ తీసుకుని సెక్షన్‌కి వెళితే మాట తీరే మారుతుంది. "సార్, నా పెన్షన్ పడతలేదు" అంటే "వస్తది లేవయ్యా, చూద్దాం" అంటారు. "సార్, ఆగస్టు, అక్టోబర్ రెండు నెలలు మిస్సింగ్, ఇదిగో స్లిప్పులు" అంటే కంప్యూటర్ వైపు తిరుగుతారు.

అడిగేటప్పుడు నోటిమాటతో వదిలేయకండి. డ్రాయింగ్ ఆఫీసర్ (మీ జీతం బిల్లు పెట్టే అధికారి) పేరున ఒక తెల్లకాగితం మీద ప్రాన్ నంబర్, నెలలు, మొత్తాలు రాసి, స్లిప్పులు జతచేసి, ఇన్‌వార్డ్‌లో ముద్ర వేయించుకోండి. ట్రైనీగా ఉన్నప్పుడు ఇది స్క్వాడ్ ఇన్‌స్ట్రక్టర్ ద్వారానే పంపాలి, నేరుగా ఆఫీసుకి వెళితే అదో గొడవ. బ్యాచ్‌లో నలుగురికి అదే సమస్య ఉంటే నలుగురూ విడివిడిగా ఇవ్వండి. ఉమ్మడి అర్జీ రాస్తే సమస్య పక్కకు పోయి, దాన్ని ఎవరు రాశారన్న ఆరా మొదలవుతుంది. ఆలస్యంగా జమ చేసిన సొమ్ముకు వడ్డీ కూడా ఇవ్వాలని కేంద్ర నిబంధనల్లో ఉంది, కేంద్ర ఉద్యోగులు అర్జీలో ఆ మాట కూడా కలపండి.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. కొత్త పన్ను విధానంలో కొత్త కానిస్టేబుల్ జీతానికి పన్ను పడదు కాబట్టి ఇప్పుడే సెక్షన్ల గొడవ అక్కర్లేదు. టైర్ 2 ఖాతా, అంటే మీరు అదనంగా సొంతంగా వేసుకునే ఖాతా, తెరవమని ఎవరైనా చెబితే, అది మీ ఇష్టం, ప్రభుత్వ వాటా అందులోకి రాదు.

సెంటర్ వదిలే రోజు

పీఓపీ అయిన సాయంత్రం అందరూ ఫోటోల్లో ఉంటారు. మర్నాడు పెట్టె సర్దుకుని యూనిట్‌కి బయల్దేరాలి. ఆ మధ్యలో ఒక్క గంట ఆఫీసులో గడపండి. అక్కడి నుంచి మీ వెంట వెళ్లే కాగితాల్లో ఎల్‌పీసీ ఉంటుంది, అంటే చివరిగా తీసుకున్న జీతం ఎంతో చెప్పే సర్టిఫికెట్. జీతం స్కేల్లో వచ్చినవాళ్లయితే అందులో ప్రాన్ నంబర్ ఉందా, చివరి కోత ఏ నెలదో రాశారా చూడండి. ప్రాన్‌లో ఒక్క అంకె తారుమారైతే కొత్త ఆఫీసు అదే తప్పును బిల్లులోకి ఎక్కిస్తుంది. మీ సర్వీస్ రిజిస్టర్‌లో కూడా ప్రాన్ నమోదైందో లేదో అడగండి.

స్టైపెండ్ మీద ట్రైనింగ్ పూర్తిచేసిన రాష్ట్ర ట్రైనీలకు అసలు పరీక్ష ఈ రోజు నుంచే. కొత్త యూనిట్‌లో మొదటి జీతం బిల్లులో సీపీఎస్ కోత కనిపించకపోతే, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొచ్చాయని సంబరపడకండి. ప్రాన్ రాక ఆగిందన్నమాట. ఆరు నెలల తర్వాత ఆ బాకీ అంతా కలిపి కోస్తే ఇంటికి పంపే డబ్బులో గండి పడుతుంది, అప్పటిదాకా ప్రభుత్వ వాటా కూడా రాదు.

మధ్యలోనే ఎస్సై ఉద్యోగమో గ్రూప్స్‌లో పోస్టో వచ్చి వదిలి వెళ్లేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఖాతా మూసేసి డబ్బు తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. మూయకండి. కొత్త ప్రభుత్వ ఉద్యోగంలో అదే ప్రాన్ నడుస్తుంది. రాజీనామా లేఖలో కొత్త ఉద్యోగంలో చేరడానికే వెళుతున్నానని, సరైన మార్గంలో దరఖాస్తు చేశానని రాయించుకోండి, ప్రాన్ నంబర్ కూడా అందులోనే వేయండి. రిలీవింగ్ ఆర్డర్ కాపీ చేతికి వచ్చాకే గేటు దాటండి.